అనుభవం గడిలో ‘లేదు’ అని రాసినవాళ్లు

మా వంశంలో ఉద్యోగాలు ఇచ్చినవాళ్లున్నారు గాని అడిగినవాళ్లు లేరు. ఈ మాట మా నాన్నగారు వారానికి రెండుసార్లయినా అనేవారు. ఆయన అనేనాటికి మా దగ్గర ఇవ్వడానికి కూడా ఏమీ మిగల్లేదు. తాతగారు కట్టించిన పత్తి జిన్నింగు మిల్లు చేతులు మారి అప్పటికే చాలా ఏళ్లయింది. ఊరు మాత్రం ఇంకా ఆ మిల్లు కూతకే గడియారాలు దిద్దుకునేది. ఆ కూత వేరేవాళ్లదైపోయిందని మా నాన్నగారు చివరిదాకా ఒప్పుకోలేదు. ఊళ్లో మమ్మల్ని ‘మిల్లువారు’ అనే పిలిచేవారు. ఇప్పటికీ అంతే.

అలాంటి ఇంటి మనవణ్ణి, ఉద్యోగాలు అడిగేవాళ్ల వరుసకు ఎదురుగా కుర్చీ వేసి, ముప్పై ఒక్క ఏళ్లు కూర్చోబెట్టింది ప్రభుత్వం. ఉపాధి కార్యాలయంలో నా పని వృత్తి మార్గదర్శనం. అంటే, వచ్చినవాళ్లకు ఏ పని సరిపోతుందో, ఆ పనికి దారేదో చెప్పడం. ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్కరోజు కూడా వెళ్లలేదు. అభ్యర్థి ఇప్పించిన టీ ఒక్కటీ తాగలేదు. వీపు కుర్చీకి ఆనించలేదు. ఇవన్నీ గొప్పలుగానే చెబుతున్నాను. ఇందులో ఒకదానివల్ల నష్టం జరిగిందని తర్వాత తెలిసింది. అదీ చెబుతాను.

ఈమధ్య కాలేజీల్లో, శిక్షణ కేంద్రాల్లో కెరీర్ కౌన్సెలర్లుగా చేరుతున్న యువకులు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “ఏఐ వచ్చేసింది కదండీ, ఇక మన పని ఉంటుందా?” నా బదిలీలు, ప్రమోషన్లు మీకెందుకు? మీకు పనికొచ్చే నాలుగు సంగతులు మాత్రం రాస్తాను. జవాబు వాటిలోనే ఉంది.

తాళానికి ఇంటర్వ్యూ

నేను చేరిన కొత్తలో మా దగ్గర వృత్తుల వర్గీకరణ పుస్తకం ఉండేది. ఇటుకంత మందం. దేశంలో ఉన్న ప్రతి పనికీ అందులో ఒక పేరూ, ఒక సంఖ్యా ఉండేవి. మగ్గం నేసేవాడికి ఒకటి, పొగాకు గ్రేడు చేసేవాడికి ఒకటి, ఓడ సరంగుకు ఒకటి. నేను దాన్ని రెండేళ్లలో కంఠతా పట్టాను. ఎవరైనా పని పేరు చెబితే నేను సంఖ్య చెప్పేవాణ్ణి. ఆఫీసులో అది వేడుకగా ఉండేది. నాకు మాత్రం అది వేడుక కాదు, పరువు. మిల్లు పోయినా, జిల్లాలో ఏ పని ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనేనని లోలోపల ఒక గర్వం ఉండేది.

ఒకసారి సుబ్బారావు అనే ఫిట్టరుకు కార్డు రాసి ఒక స్పిన్నింగు మిల్లుకు పంపాను. వేసవి. అతను రెండు బస్సులు మారి వెళ్లి, సాయంత్రం మళ్లీ నా బల్ల ముందు నిలబడ్డాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

“ఏమైందయ్యా? ఇంటర్వ్యూ జరిగిందా?”

“జరిగిందండి. తాళానికి.”

“తాళానికేమిటి?”

“గేటుకి ఇంత తాళం వేసుందండి. ఆరు నెలలైందంట మూసేసి. దాని ముందరే నిలబడి నా పేరూ, ఊరూ, చదువూ అన్నీ చెప్పొచ్చాను. ఏం మాట్లాడలా. సెలెక్టయినట్టేనా అండీ?”

ఆఫీసంతా నవ్వింది. నేను నవ్వలేదు. సుబ్బారావు మర్యాదస్థుడు, తిట్టకుండా ఎగతాళి చేశాడు. పుస్తకంలో ఫిట్టరు పని ఉంది, ఊళ్లో మిల్లే లేదు. అంతకు మించిన పాఠం ఏ శిక్షణలోనూ నాకు దొరకలేదు. మర్నాటి నుంచి, ఎవరినైనా పంపేముందు ఫోను చేసి, ఫోను లేనిచోటికి ఉత్తరం రాసి, ఆ పని ఇంకా ఉందో లేదో కనుక్కునే అలవాటు చేసుకున్నాను. సుబ్బారావుకు తర్వాత బస్సు డిపోలో పని దొరికింది. కనిపించినప్పుడల్లా “తాళంగారు బాగున్నారా?” అని నన్నే పలకరించేవాడు.

రంగనాయకులుగారి ప్రశ్న

నా పై అధికారుల్లో నేను చెప్పుకోదగ్గవారు ఒక్కరే, రంగనాయకులుగారు. పొట్టి మనిషి. పొడుం పీల్చేవారు. అధికారి కుర్చీ వదిలేసి, అభ్యర్థులు కూర్చునే బెంచీ మీద వాళ్ల పక్కనే కూర్చునేవారు. అది నాకు బొత్తిగా నచ్చేది కాదు. పదవికి ఒక దూరం ఉండాలని నా ఉద్దేశం.

ఒకరోజు కొత్తపట్నం వైపు పల్లెకారుల ఇంటి కుర్రవాడు, పాతికేళ్లవాడు, ఫారం నింపి తెచ్చాడు. పదో తరగతి తప్పాడు. అనుభవం గడిలో ‘లేదు’ అని రాశాడు. నేను రెండు ప్రశ్నలు వేశాను. రెండింటికీ “ఏం రాదండి” అన్నాడు. ఫారం పక్కన పెట్టబోయాను.

రంగనాయకులుగారు బెంచీ మీద జరిగి చోటిచ్చారు. “రావోయ్, ఇట్లా కూర్చో. నిన్న పొద్దున్నించి ఏం చేశావు?”

“ఏం చెయ్యలేదండి.”

“ఏం చెయ్యకుండా ఎవడూ ఉండలేడు. లేచిందగ్గర్నుంచి చెప్పు.”

“లేచి... వేటకి పోయామండి. నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది.”

“అప్పుడూ?”

“విప్పానండి. డీజిలు గొట్టంలో ఇసుక చేరింది. ఊది, పగిలినచోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, మళ్లీ బిగించా. ఆ తర్వాత ఒడ్డుకొచ్చాం.”

“ఎంతమందున్నారు పడవలో?”

“అయిదుగురం.”

రంగనాయకులుగారు నా వైపు తిరిగారు. “సముద్రం మధ్యలో అయిదుగురి ప్రాణాలు ఒడ్డుకు చేర్చినవాడు ‘లేదు’ అని రాశాడు. నువ్వు నమ్మావు. ఏమయ్యా మిల్లువారి మనవడా, నీ చొక్కా ఇస్త్రీ చూసి సగంమంది నోరు విప్పడంలేదు!”

ఆ మాట నాకు కోపం తెప్పించింది. కాని ప్రశ్న మాత్రం దొంగిలించాను. ఆ తర్వాత నేను చేసిన మంచి పనులన్నీ ఆ ప్రశ్నతోనే చేశాను. ఏం వచ్చు అని అడిగితే మన జిల్లాలవాళ్లు ఏం రాదంటారు. నిన్న ఏం చేశావు అని అడిగితే మూడు ఉద్యోగాలకు సరిపడా చెబుతారు. మన దగ్గర జీతం కాగితం చేతికొచ్చేదే ఉద్యోగం. మిగతాదంతా ‘ఖాళీగా ఉంటున్నాం’ లెక్కే. మిరప కోసినా ఖాళీయే, ఇంజను విప్పినా ఖాళీయే, చీరాలలో తెల్లవారుజాము నుంచి మగ్గం మీద ఉన్న ఇల్లాలు కూడా “ఇంట్లోనే ఉంటానండి” అంటుంది.

చొక్కా మాట మాత్రం ఆయన పోయాక, నేను రిటైరయ్యాక గాని అర్థం కాలేదు.

స్వరాజ్యంగారి ఫోను

రిటైరయ్యాక మధ్యాహ్నాలు మా ఊరి గ్రంథాలయంలో కూర్చుంటున్నాను. చదువైపోయిన పిల్లలు వస్తే సలహా చెబుతాను. అక్కడ లైబ్రేరియన్ స్వరాజ్యంగారు. నలభై దాటిన మనిషి, ఎవరికీ జంకదు. నన్ను ‘ఆఫీసరుగారూ’ అంటుంది. అందులో కొంత గౌరవం, చాలా వెక్కిరింత.

ఒకరోజు తన ఫోనులో ఏఐ తెరిచి నా ముందు పెట్టింది. “మీరు ముప్పై ఏళ్లు చేసిన పని ఇది మూడు నిమిషాల్లో చేస్తోందండి. బాధపడకండి, కాఫీ తాగుతూ చూడండి.”

“యంత్రానికేం తెలుసమ్మా మన జిల్లా సంగతి?”

“అడగండి మరి. అడక్కుండా అలగడమెందుకు?”

దాన్ని ఓడించాలనే అడిగాను. పత్తి గింజ నుంచి నూనె తీసేచోట రసాయనశాస్త్రం చదివినవాడికి ఏం పనులుంటాయి అన్నాను. తెలుగులోనే అడిగాను, తెలుగులోనే చెప్పింది. నాకు తెలిసినవి నాలుగు. అది తొమ్మిది చెప్పింది. ఒక్కొక్కదానికి ఏం చదవాలో, ఏ పరీక్ష రాయాలో, ఆ పనిలో రోజంతా నిజంగా ఏం చేస్తారో విడమరిచి చెప్పింది. వాటిలో మూడు పనులు నేను సర్వీసులో ఉండగా పుట్టనేలేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. ముందు గుండెలో కలుక్కుమంది, కంఠతా పట్టిన ఆ ఇటుక పుస్తకం గుర్తొచ్చి. రెండో ప్రశ్నకి అది పోయింది. మూడో ప్రశ్న నుంచి సంతోషం మొదలైంది. గ్రంథాలయం మూసేవేళ వరకు అడుగుతూనే ఉన్నాను. స్వరాజ్యంగారు తాళాలు పట్టుకుని నిలబడి, “ఆఫీసరుగారూ, దానికి అలుపు లేదు గాని నాకుందండి” అనేదాకా లేవలేదు. నా దగ్గరికి రావాలంటే బస్సు చార్జీ, ఒక పూట కూలీ పోగొట్టుకుని, వరుసలో నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ తెలివి అంతా చేలో గట్టు మీద కూర్చున్నవాడి చేతికి వచ్చింది. దీనికి ఏడ్చేవాడు ఈ వృత్తికి పనికిరాడు.

అంతమాత్రాన అది దేవుడూ కాదు. కిరణ్ అనే డిప్లొమా కుర్రవాడికి సింగరాయకొండలో ఫలానా శిక్షణ సంస్థ ఉందని, వీధితో సహా చెప్పింది. అతను నన్ను అడక్కుండా రైలెక్కాడు. ఆ వీధిలో ఉన్నది ఎరువుల కొట్టు. కొట్టాయన “బాబూ, మా దగ్గర యూరియా తప్ప సీట్లు లేవు” అన్నాడట. కిరణ్ వచ్చి మండిపడుతుంటే నాకు నవ్వాగలేదు.

“నవ్వుతారేంటి సార్?”

“నువ్వు తాళానికి ఇంటర్వ్యూ ఇచ్చొచ్చావురా అబ్బాయ్. నేనూ ఒకణ్ణి పంపాను. యంత్రానిదీ నాదీ ఒకటే జాతి. తెలియనిచోట కూడా తల నిటారుగా పెట్టుకుని చెబుతాం.”

కాబట్టి మీకు మొదటి మాట ఇది. అది చెప్పింది వినండి, చాలావరకు బాగుంటుంది. తర్వాత ఫోను చేసి, ఆ గేటు తెరిచే ఉందా అని కనుక్కోండి. ఆ ఫోను చేసేది మీరే.

రెండోది మరీ ముఖ్యం. పిల్లలు మనకు చెప్పని సంగతులు దానికి చెబుతున్నారు. ‘మూడుసార్లు తప్పాను’, ‘ఇంగ్లీషు రాదు’, ‘నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పడతాయి’. నా ముందు ఒక్కరూ ఈ మాటలు అనలేదు. దాని ముందు సిగ్గుపడనక్కర్లేదు కదా. ఇది మంచిదే. కాని చెప్పాలని వాళ్లకే తోచని సంగతి దానికీ అందదు. అది అంజలి విషయంలో చూశాను.

మూడు తుమ్ములు

ఒక గురువారం మధ్యాహ్నం అంజలి, వాళ్లమ్మ కోటేశ్వరమ్మ వచ్చారు. మిరప కోతలు ముగింపుకొచ్చిన రోజులు. అంజలి బీయస్సీ రసాయనశాస్త్రం. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. రెండేళ్లుగా దరఖాస్తులు పెడుతోంది, ఏదీ రాలేదు. మేనమామ విజయవాడలో బట్టల కొట్లో సేల్స్‌గర్ల్ పని కుదిర్చాడు. ఒకటో తారీఖున చేరాలి. పదిరోజులు కూడా లేదు.

“ఆ పని తప్పేంకాదమ్మా” అన్నాను.

“తప్పని కాదు సార్. చేరితే ఇంక చదివింది అయిపోయినట్టే.” సర్టిఫికెట్ల మధ్య నుంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసింది. మసాలా దినుసులు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి తన పరీక్షాశాలకు సహాయకులు కావాలని ఇచ్చిన ప్రకటన. సైన్సు డిగ్రీ ఉండాలి, సంబంధిత అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. ఆఖరు తేదీ శనివారం. “ఇది నాకు రాదు కదా సార్? అనుభవం అడిగారు.”

అడిగిన తీరులోనే, ఎవరైనా ‘ఎందుకు రాదు’ అంటే బాగుండునన్న ఆశ ఉంది.

ఫోనుని అడిగావా అన్నాను. అడిగిందట. మా ముందే మళ్లీ టైపు చేసింది. డిగ్రీ ఉంది, అనుభవం లేదు, ఏం చేయాలి? అది మర్యాదగా కంప్యూటరు కోర్సు చేయమంది, బ్యాంకు పరీక్షలు రాయమంది. అది తప్పు సలహా కాదు. ఆ రెండు ముక్కలే చెబితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

“ఫోను పక్కన పెట్టు. నిన్న పొద్దున్నించి ఏం చేశావమ్మా?”

అంజలి వాళ్లమ్మ వైపు చూసింది. “ఏం లేదు సార్. ఇంట్లోనే ఉన్నా.”

అప్పుడే స్వరాజ్యంగారు తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. ఆ గదిలో అంతకుముందు లేని ఘాటు వాళ్ల బట్టల నుంచి వస్తోంది. పిల్ల చేతివేళ్లు కొసలదాకా ఎర్రగా కంది ఉన్నాయి.

“ఇంట్లో కూర్చున్న అమ్మాయి వస్తే నాకిన్ని తుమ్ములెందుకొచ్చాయే?” అంది స్వరాజ్యంగారు ముక్కు తుడుచుకుంటూ.

కోటేశ్వరమ్మ ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం పక్కన నేల మీదే కూర్చుంది. కూతురు నోరు తెరవబోతే అక్కణ్ణుంచే ఆపేసింది. “పెద్దోళ్ల ముందర ఆ కూలి సంగతులెందుకే? ఊరుకో.” తర్వాత నాతో, “ఏమనుకోబాకండి బాబుగారూ. మా మావ మీ తాతగారి మిల్లులో పత్తి బోరేలు మోసినోడు. మీ ముందర కూకుని కాయలేరుకునే కబుర్లు చెప్పుకుంటామా?” అంది.

రంగనాయకులుగారి మాట అప్పుడు అర్థమైంది. అనుభవం గడి ఖాళీగా ఉండడానికి కారణం ఆ పిల్ల కాదు, ఆ ఫోను కాదు, నేను. నా ఇస్త్రీ చొక్కా, నా ఇంటిపేరు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇలా ఎందరు నా ముందు నోరు మూసుకుని వెళ్లిపోయారో!

నేను లేచి నిలబడ్డాను. తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడడం మా ఇంటి అలవాటు. ఎవరికీ, మా ఆవిడకు కూడా చెప్పని సంగతి ఆవేళ చెప్పాను.

“కోటేశ్వరమ్మా, డిగ్రీ అయ్యాక నేను రెండు సీజన్లు ఆ మిల్లులోనే కాటా దగ్గర పనిచేశాను. మిల్లు మాది కాదు అప్పటికి. కొత్త యజమాని దగ్గర వారం కూలికి. ఇంట్లో గ్రంథాలయానికి పోతున్నానని చెప్పి, తెల్ల చొక్కాతో బయల్దేరి, దారిలో చొక్కా మార్చుకునేవాణ్ణి. పత్తి బోరెంలో మోచేతిదాకా చెయ్యి పెడితే తేమ ఎంతుందో చెప్పేవాణ్ణి. గవర్నమెంటు ఉద్యోగం ఫారంలో అనుభవం గడి వచ్చింది. ఏం రాశానో తెలుసా? ‘లేదు’ అని రాశాను.”

కోటేశ్వరమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

“అయితే మీరూ కూలోడేనా బాబుగారూ!”

“కూలివాణ్ణే. శనివారం శనివారం తీసుకున్నాను.”

“చొక్కా మార్చుకున్నారా!” అని మళ్లీ నవ్వింది. స్వరాజ్యంగారు నవ్వింది. అంజలి నవ్వింది. ఆఖరికి నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే కోటేశ్వరమ్మ లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఇక ఇద్దరూ ఆగలేదు. ఒకళ్ల మాటకి ఒకళ్లు అడ్డం పడుతూ చెప్పారు.

“పదహారో ఏటి నుంచి సెలవల్లో అమ్మతో కల్లానికి పోతున్నా సార్. రంగు పోయిన తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం...”

“అదెవరైనా చేస్తారండీ. దీని చెయ్యి వేరు. కాయ పైకి నవనవలాడతా ఉంటది. ఇది పట్టుకుని, లోపల బూజుందమ్మా అంటది. విరిస్తే ఉంటది!”

“అన్నిసార్లూ ఉండదు సార్.”

“ఎప్పుడన్నా తప్పుద్దిలే. యాపారస్థులు కూడా దీన్నే పిలిపిస్తారండీ, టిక్కీలు కట్టేముందర చూడమని.”

టిక్కీ అంటే ఇక్కడ మిరపకాయల బస్తా. బస్తా కట్టాక లోపల బూజు బయటపడితే సరుకంతా వెనక్కే.

స్వరాజ్యంగారు ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు ఫోనుకి చెప్పింది. ఈసారి అది కోర్సుల ఊసెత్తలేదు. మిరపకాయ లోపలి బూజులో ఒక విషం పుడుతుందని, ఎగుమతి సరుకు వెనక్కి రావడానికి అదొక పెద్ద కారణమని చెప్పింది. చేతితో, ముక్కుతో, కంటితో సరుకు పరీక్షించడం ఆహార పరిశ్రమలో పేరున్న వృత్తి అని, రసాయనశాస్త్రం తోడైతే అటువంటి మనిషి అరుదు అని చెప్పింది. ఆ ప్రకటనకు తప్పక దరఖాస్తు పెట్టమంది. పైగా ఎదురు ప్రశ్న వేసింది. మీరు బూజుని బరువుతో గుర్తుపడతారా, చప్పుడుతోనా, రంగుతోనా?

అంజలి కళ్లు మూసుకుని, లేని కాయను వేళ్ల మధ్య తిప్పి ఆలోచించింది. “మూడూ సార్. ముందు తొడిమ దగ్గర రంగు మాసినట్టుంటది. తర్వాత ఊపితే గింజలు గలగలమనవు, ఒకచోట అంటుకుని ఉంటాయి. ఆఖర్న వాసన.” తనకు అంత తెలుసని తనకే అప్పుడు తెలిసింది.

యంత్రం అంత మంచి ప్రశ్న వేసినందుకు నాకు పట్టరాని సంతోషం కలిగింది. రంగనాయకులుగారుంటే దాన్ని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకునేవారు.

దరఖాస్తు కూడా అదే రాసిచ్చింది. ‘వ్యవసాయ నాణ్యతా రంగంలో విస్తృత నాయకత్వ అనుభవం’ అని మొదలుపెట్టింది. అది కొట్టేయించాను. ఒకరు లేని దాన్ని రాస్తే, ఇంకొకరు ఉన్నదాన్ని రాయకపోతే, రెండూ అబద్ధాలే. అంజలి చేతే చెప్పించాం. ‘ఆరు సీజన్లు మా అమ్మతో కలిసి మిరప కల్లాల్లో పనిచేశాను. తాలుకాయ, తేమకాయ, లోపల బూజు పట్టిన కాయ వేరు చేయగలను.’ స్వరాజ్యంగారు ఆ కంపెనీకి ఫోను చేసి, ఖాళీ ఇంకా ఉందని కనుక్కుంది. శుక్రవారం పొద్దున్నే దరఖాస్తు వెళ్లింది.

ఏడు కాయలు

ఇంటర్వ్యూకి పిలుపు నెలాఖరున వచ్చింది. ఒకటో తారీఖు ఎల్లుండనగా. మేనమామ ఫోను మీద ఫోను చేస్తున్నాడట. కోటేశ్వరమ్మ “బట్టల కొట్టు ఎక్కడికీ పరిగెత్తదులేరా, రెండ్రోజులాగు” అని పెట్టేసిందట. ఇంటర్వ్యూ రోజు నేను గ్రంథాలయానికి రెండు గంటలు ముందే వెళ్లాను. ఇస్త్రీ చేసిన చొక్కా మళ్లీ ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. స్వరాజ్యంగారు “పెళ్లిచూపులు మీకా, ఆ పిల్లకా?” అంది.

సాయంత్రం అంజలి బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

“ల్యాబు మేడమ్‌గారు దరఖాస్తు చదివి, కల్లంలో పని కూడా రాశావేంటమ్మా అన్నారు సార్. అదే నా అనుభవమండీ అన్నా.”

“ఆ తర్వాత?”

“లోపలికెళ్లి పళ్లెం నిండా కాయలు తెచ్చి పోశారు. బూజువి తీయమన్నారు. ఏడు తీశా. కత్తితో కోశారు. ఆరింటిలో ఉంది. ఏడోది మంచికాయ సార్.” ఆ ఏడో కాయ దగ్గర గొంతు తగ్గింది. “ఒకటి తప్పానండీ అన్నా. ఆవిడ నవ్వి, ఇక్కడ డిగ్రీలున్నవాళ్లందరూ కోసి చూసి చెబుతారమ్మా, నువ్వు కోయకుండా చెప్పావు, మిషన్ల మీద పరీక్ష చేయడం మేం నేర్పుతాం అన్నారు.”

“అయితే?”

“ఒకటో తారీఖున రమ్మన్నారు సార్.”

స్వరాజ్యంగారు అరిచిన అరుపుకి, పేపర్లు చదువుకుంటున్న పెద్దలంతా లేచి నిలబడ్డారు. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించాలన్న బోర్డు ఆవిడ తల మీదే ఉంది. ఆ సాయంత్రం అంజలి మా అందరికీ టీ తెప్పించింది. నేను తాగాను. అభ్యర్థి ఇప్పించిన టీ, జీవితంలో మొదటిది. చక్కెర ఎక్కువైంది, అయినా రెండోది కూడా తాగాను.

మీతో ఒక మాట

ఏ ఉద్యోగం ఎక్కడుందో, దానికేం చదవాలో చెప్పడమే మీ పని అనుకుంటే, ఆ పని అయిపోయింది. అది మీకన్నా, నాకన్నా ఫోనుకే బాగా తెలుసు. వదిలేయండి, హాయిగా. నేను ముప్పై ఏళ్లు మోసిన ఇటుకను దించుకున్నాను, మెడ తేలికపడింది. ఎదుటి మనిషి ‘ఏం లేదండి’ అన్నప్పుడు నమ్మకపోవడం మాత్రం మీ పనిగానే మిగిలింది. దానికి పక్కన కూర్చోవాలి. వాళ్ల వేళ్లు చూడాలి. ఒక్కోసారి మన గడిలో ఏం దాచుకున్నామో ముందు మనమే చెప్పాలి. నాకది అరవై దాటాక వచ్చింది. మీకు తొందరగా రావాలని కోరిక.

చొక్కా ఇస్త్రీ మాత్రం మానకండి. నేనూ మానలేదు.

మొన్న కొత్త పంట కల్లాలకు వచ్చింది. కోటేశ్వరమ్మ మధ్యాహ్నం గ్రంథాలయానికి వచ్చింది, ఈసారి ఒక్కతే. గుమ్మం దగ్గర ఆగకుండా వచ్చి, నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బాబుగారూ, మా అంజలి వాళ్ల కంపెనీలో కొత్తగా కాయలేరే ఆడవాళ్లని యాభై మందిని తీసుకుంటన్నారంట. వాళ్లకి నేర్పడానికి మడిసి కావాలంట. మా పిల్ల నా పేరు చెప్పింది. నా బయోడేటా అడిగారంట! నాకది ఉంటదా?”

“ఎందుకుండదు? నిన్న పొద్దున్నించి ఏం చేశావో చెప్పు.”

“నిన్నొక్కటే చాలదండీ. ముప్పై ఏళ్లుంది. కాయితాలున్నాయా మీ దగ్గర?”

స్వరాజ్యంగారు కాగితాలు తెచ్చింది, ఫోను కూడా బల్ల మీద పెట్టి, “చెప్పు కోటేశ్వరమ్మా, ఇది కూడా వింటుంది” అంది. కోటేశ్వరమ్మ కొంగు భుజం మీద సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టింది. మొదటి కోత నాటి కాయకూ, మూడో కోత నాటి కాయకూ తేడా ఏమిటో చెప్పి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో ఫోను గొంతెత్తి, చాలా విలువైన అనుభవం అంటూ జవాబు మొదలుపెట్టింది.

కోటేశ్వరమ్మ దానికి అరచెయ్యి చూపించింది.

“ఉండవయ్యా! ఇంకా నేను చెప్పడం అవలా.”